36 గంటలు, ఒక్క చెరువు

ఈ నెల మా శీర్షికకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం హ్యాకథాన్‌ల గురించే, అంటే జట్లుగా చేరి గడువులోగా ఒక సమస్యకు ప్రోగ్రాము రాసి చూపే పోటీల గురించే ఉన్నాయి. ఇంజనీరింగ్ కళాశాలల్లో వడపోత పోటీలు మొదలయ్యే కాలం కాబట్టి అది సహజమే. ఒకే ప్రశ్నను నలుగురైదుగురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకుని, వీలైనంత వివరంగా జవాబు ఇస్తున్నాను.

*ప్రశ్న: మేము ఆరుగురం కావలిలో బి.టెక్. మూడో సంవత్సరం చదువుతున్నాము. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ కోసం మా కళాశాలలో వడపోత పోటీ పెడుతున్నారు. రొయ్యల రైతుల కోసం ఒక యాప్ చేయాలని అనుకున్నాము. రోగాన్ని ఫొటో చూసి గుర్తించడం, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) వారీగా ధరలు, వాతావరణం, మేత లెక్క, చాట్‌బాట్, కొనుగోలుదారుకు నేరుగా అమ్మకం ఇవన్నీ అందులో ఉంటాయి. బ్లాక్‌చెయిన్ కూడా కలిపితే బాగుంటుందని మా సార్ అంటున్నారు. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? – ఒక విద్యార్థి, కావలి*

జవాబు: మీరు చెప్పిన పనులు ఆరు, బ్లాక్‌చెయిన్‌తో (లావాదేవీలను తరువాత మార్చలేని పద్దుగా రాసిపెట్టే పద్ధతితో) కలిపి ఏడు. తుది పోటీలో సాఫ్ట్‌వేర్ విభాగానికి ఇచ్చే సమయం 36 గంటలు. అందులో కునికిపాట్లకు, భోజనానికి, న్యాయనిర్ణేతలు మధ్యమధ్య బల్ల దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్నలకు పోయినది పోగా, నిజంగా కోడ్ రాయడానికి మిగిలేది ఒక్క పనికి సరిపోతే అదృష్టమే. కాబట్టి ఒక్క పనే పెట్టుకోండి. ఏ ఒకటి అన్నది మీరు ఆలోచించాలి గనుక కొంచెం వివరంగా చెబుతాను.

ముందుగా ఒక సంగతి గమనించండి. 2017లో మొదలైన ఈ పోటీలో సమస్యలను చాలావరకు కేంద్ర మంత్రిత్వ శాఖలు, రాష్ట్ర ప్రభుత్వాలు, సంస్థలే ఇస్తాయి. పాల్గొనే జట్లు వాటిలో ఒకదానిని ఎంచుకుంటాయి. సొంత ఆలోచనతో రావడానికి 'స్టూడెంట్ ఇన్నోవేషన్' అనే విభాగం కూడా ఉంటుంది. ఈ ఏడాది జాబితాలో మత్స్య రంగానికి చెందిన సమస్య ఉన్నదేమో చూసి, లేకపోతే రెండో దారి పట్టండి.

నిరుడు ఒక కళాశాల స్థాయి పోటీలో నేను న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. అక్కడ కూడా ఒక జట్టు రొయ్యల యాప్ చూపింది. మొదట లాగిన్ పేజీ, దాని తరువాత ఓటీపీ, ఆపైన ఎనిమిది రంగురంగుల బొమ్మలున్న పేజీ వచ్చాయి. ఆ ఎనిమిదింటిలో నొక్కితే తెరుచుకున్నవి రెండు. దీనిని ఎవరు, ఏ వేళకు వాడతారని అడిగితే "రైతు, ఎప్పుడైనా" అని చెప్పారు. తెల్లవారుజామున నాలుగింటికి చెరువుగట్టు మీద ఉండేది రైతు కాదనీ, షెడ్డులో నవారు మంచం మీద పడుకునే కాపలా మనిషనీ, అతని దగ్గర ఉండేది బటన్ ఫోననీ ఆ జట్టులో ఎవరికీ తెలియదు. నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగిన పిల్లలే, అయినా రాత్రిపూట చెరువు చూసినవారు ఒక్కరూ లేరు.

ఆ నాలుగు గంటల వేళే ఎందుకంటే, చెరువు నీటిలోని నాచు పగటి వెలుతురులో ఆక్సిజన్‌ను తయారు చేస్తుంది. రాత్రి అయ్యేసరికి ఆ తయారీ ఆగిపోయి, నాచు, రొయ్యలు, అడుగున పేరుకున్న మేత వ్యర్థాలు అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అందువల్ల తెల్లవారబోయే ముందు అది అట్టడుగుకు చేరుతుంది. లీటరు నీటికి నాలుగైదు మిల్లీగ్రాములు ఉండవలసినది మూడుకు దిగువకు జారితే రొయ్యలు మేత మానేస్తాయి, ఇంకా తగ్గితే నీటి పైకి తేలి గట్టు వారకు చేరతాయి. వెనామీ రకం రొయ్యను మన దేశంలో 2009 నుంచి అనుమతించిన తరువాత ఎకరాకు వేసే రొయ్యపిల్లల సంఖ్య పెరిగి, ఏరేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) లేనిదే సాగు లేదన్న పరిస్థితి వచ్చింది. ఆ వేళలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోయి, కాపలా మనిషికి మెలకువ రాకపోతే, మూడు నెలల పెట్టుబడి తెల్లారేసరికి నీటి మీద తేలుతుంది.

కాబట్టి మీ యాప్ చేయవలసిన ఒక్క పని, నా అభిప్రాయంలో, మీ ఏడింటిలో లేనిదే: మనిషిని నిద్ర లేపడం.

దీనికి మీకు వెంటనే తట్టేది ఆక్సిజన్ కొలిచే సెన్సర్. అది వద్దు. మంచి సెన్సర్ ఖరీదైనది, దానిని తరచుగా సరిచూసుకోవాలి, చెరువులో వదిలిన కొద్ది రోజులకే దాని మీద నాచు పట్టి తప్పుడు అంకెలు చెబుతుంది. పైగా మీరు పోటీ పడుతున్నది సాఫ్ట్‌వేర్ విభాగంలో. ఆక్సిజన్‌ను కొలవడం కంటే కరెంటు ఉన్నదో లేదో తెలుసుకోవడం ఎన్నో రెట్లు తేలిక, ఆపద కూడా ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. మీ ఇళ్లలో అద్దం పగిలి మూలన పడేసిన ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఉండకపోదు. దానిని ఏరేటర్ మోటారు స్టార్టర్ బోర్డు పక్కన చార్జరుకు తగిలించి ఉంచితే, కరెంటు పోయిన క్షణంలో చార్జింగ్ ఆగిందని ఆ ఫోన్‌కు తెలుస్తుంది. దానికి సొంత బ్యాటరీ ఉన్నది, సిమ్ ఉన్నది, ఇక దానికి రావలసిన బుద్ధి మీరు రాసే ప్రోగ్రామే. చార్జింగ్ ఆగి రెండు నిమిషాలు దాటితే కాపలా మనిషికి ఫోన్ చేయాలి. అతను ఎత్తకపోతే రైతుకు, రైతు ఎత్తకపోతే పక్క చెరువు వారికి చేయాలి. ఎవరో ఒకరు ఎత్తి ఒక అంకె నొక్కేవరకు ఆగకూడదు. ఇంతే. లాగిన్ లేదు, రంగుల బొమ్మలు లేవు.

ఇందులో రెండు లోపాలు ఉన్నాయి, వాటిని న్యాయనిర్ణేత చెప్పకముందే మీరే చెప్పండి. చార్జరు ఒక ఫేజు మీద ఉంటుంది, మోటారుకు మూడు ఫేజులు కావాలి. మిగిలిన రెండింటిలో ఒకటి పోతే ఈ ఫోన్‌కు తెలియదు. అలాగే కరెంటు ఉండి మోటారు కాలిపోయినా తెలియదు. ఏరేటర్ తీగకు కరెంటు ప్రవాహాన్ని పసిగట్టే చిన్న పరికరం తగిలిస్తే ఈ రెండూ తీరతాయి, అది రెండో మెట్టు. మన రైతులకు సెల్ స్టార్టర్లు కొత్త కాదు, బోరు మోటార్లను ఇంటి నుంచే ఆన్ చేయడం ఏళ్ల తరబడి చేస్తున్నారు. "ఇది సెల్ స్టార్టర్ లాంటిదే కదా" అని ఎవరైనా అంటే నొచ్చుకోకుండా, అది ప్రధానంగా మనిషి అడిగితే జవాబు చెబుతుంది, ఇది అడగకుండానే లేపుతుంది అని తేడా చూపండి.

ఫోన్‌తో పాటు సందేశం కూడా పంపదలిస్తే ఒక చిన్న లెక్క చూసుకోండి. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో రాస్తే పట్టేవి 70. గుణింతపు గుర్తు, పొల్లు, ఒత్తు వీటన్నిటికీ విడివిడిగా చోటు కావాలి కాబట్టి, మన కంటికి రెండక్షరాలుగా కనిపించే 'రొయ్య' కంప్యూటర్ లెక్కలో ఐదు. 'మూడో చెరువు దగ్గర కరెంటు పోయింది, జనరేటర్ వేయండి' అన్న సందేశం ఖాళీలతో సహా 48 అవుతుంది, ఒక్క ఎస్సెమ్మెస్‌లో ఇమిడిపోతుంది. ఇంతకంటే మర్యాదగా రాయబోతే రెండు ముక్కలవుతుంది. పాత బటన్ ఫోన్లలో కొన్ని తెలుగు అక్షరాలను డబ్బాలుగా చూపిస్తాయి గనుక అసలు నమ్మకం ఫోన్ మోత మీదే పెట్టుకోండి.

పోటీకి ముందు రెండు రాత్రులు అల్లూరు వైపో, బోగోలు వైపో తెలిసినవారి చెరువు దగ్గర గడపండి. కరెంటు ఎన్నిసార్లు పోయింది, మనిషి ఎంతసేపటికి లేచాడు, జనరేటర్ వేయడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, గడియారం చూసి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ముందుగా రాసి పెట్టుకున్న కోడ్‌ను చాలా పోటీలు ఒప్పుకోవు గానీ, ముందుగా తెలుసుకున్న విషయాన్ని ఎవరూ కాదనరు. ఆ పుస్తకంలోని పేజీని తెర మీద చూపినప్పుడు, మీ సార్ కలపమన్న బ్లాక్‌చెయిన్ గురించి ఎవరూ అడగరు. సార్‌కు మాత్రం ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి.

*ప్రశ్న: నేను గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరుగా పని చేస్తున్నాను. మా అమ్మాయి జట్టు తుది పోటీకి ఎంపికైనది. వేరే రాష్ట్రంలో, రాత్రి కూడా అక్కడే ఉండి పని చేయాలట. జట్టులో ఐదుగురు అబ్బాయిలు, తను ఒక్కతే అమ్మాయి. పంపడానికి ఇంట్లో భయపడుతున్నారు. ఏమి చేయమంటారు? – ఒక తండ్రి, చీమకుర్తి*

జవాబు: అయ్యా, మీ భయాన్ని నేను తేలికగా తీసుకోను. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో జట్టుకు ఆరుగురు, అందులో కనీసం ఒకరు అమ్మాయి అయి ఉండాలన్నది నియమం. అందువల్ల ప్రతి జట్టులోనూ అమ్మాయిలు ఉంటారు, మీ అమ్మాయి ఆ హాలులో ఒంటరి కాదు. తుది పోటీలు దేశంలోని వేర్వేరు విద్యాసంస్థల ప్రాంగణాలలో జరుగుతాయి. జట్టుతో పాటు మార్గదర్శకులు వెళ్లే వీలు ఉన్నది గనుక, ఒక అధ్యాపకురాలిని పంపమని ప్రిన్సిపాల్‌ను మీరు స్వయంగా కలిసి అడగండి. అమ్మాయిలకు బస ఎక్కడ, హాలు నుంచి బసకు రాత్రివేళ ఎలా చేరుస్తారు, నిర్వాహకులలో ఎవరి నంబరుకు ఫోన్ చేయాలి అన్న మూడు సంగతులు టిక్కెట్లు తీయకముందే కాగితం మీద రాయించుకోండి. ఇవి అడగడం మీ హక్కు, వాటికి సరైన జవాబు రాకపోతే వెనకాడడంలోనూ తప్పు లేదు.

మీరు అడగకపోయినా ఇంకొక మాట చెప్పాలని ఉన్నది. నియమం కోసం చివరి నిమిషంలో ఒక అమ్మాయి పేరు చేర్చి, తీరా అక్కడికి వెళ్లాక పీపీటీ దిద్దే పని, టీలు తెచ్చే పని ఆమెకు అప్పగించే జట్లను నేను చూశాను. జట్టులో నీ పని ఏమిటని మీ అమ్మాయిని అడగండి. "డేటాబేస్ నాది" అనో, "సర్వర్ వైపు అంతా నేనే రాస్తున్నాను" అనో ఆమె వెంటనే చెప్పగలిగితే, ఆమె లేకుండా ఆ ఐదుగురు చేయగలిగినది ఏమీ లేదని తెలుసుకుని, ధైర్యంగా పంపండి.

*ప్రశ్న: నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇప్పుడు డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతున్నాను. కోడ్ రాయడంలో నాకు వేగం లేదు. కోడింగ్ పోటీలలో ఎప్పుడూ వెనుకబడతాను. హ్యాకథాన్‌కు వెళ్లడం దండుగ అని స్నేహితులు అంటున్నారు. – ఒక విద్యార్థి, ఆత్మకూరు*

జవాబు: మీ స్నేహితులు రెండు వేర్వేరు ఆటలను ఒకే ఆట అనుకుంటున్నారు. ఐ.సి.పి.సి. వంటి కోడింగ్ పోటీలో ముగ్గురికి ఒకే కంప్యూటర్ ఇచ్చి, ఐదు గంటల్లో లెక్కల్లాంటి సమస్యలను విప్పమంటారు. జవాబు సరైనదా కాదా అన్నది యంత్రమే తేలుస్తుంది, ఎంత త్వరగా తేల్చారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అక్కడ వేగం, అల్గారిథమ్‌ల మీద పట్టు రెండూ కావాలి. హ్యాకథాన్‌లో అలా ఒకే సరైన జవాబు ఉండదు, జవాబును తేల్చేది మనుషులు. హ్యాకథాన్ అన్న మాట పుట్టుక చూసినా అందులో పందెం లేదు. 1999 జూన్‌లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పని చేసే పది మంది కెనడాలోని కాల్గరీలో ఒకచోట చేరి కలిసి కోడ్ రాసుకున్నారు, ఆ సమావేశానికి పెట్టుకున్న పేరు అది. రహస్య లిపికి సంబంధించిన సాఫ్ట్‌వేర్ ఎగుమతి మీద అమెరికాలో ఆంక్షలు ఉండడం వల్ల వారు కెనడాను ఎంచుకున్నారు. బహుమతులు, బ్యానర్లు తరువాత వచ్చి చేరినవి.

ఆరుగురి జట్టులో అందరూ వేగంగా కోడ్ రాసేవారే అయితే ఆ జట్టు సాధారణంగా ఒకరి ఫైలును మరొకరు చెడగొట్టుకుంటూ తెల్లవారుస్తుంది. రాసినదాన్ని నొక్కి నొక్కి చూసి తప్పులు పట్టేవారు ఒకరు కావాలి, సమస్య ఉన్న మనిషితో అతని భాషలో మాట్లాడి రాగలిగేవారు ఒకరు కావాలి. తెలుగు మీడియంలో చదివినందువల్ల ఈ రెండో పనిలో మీరే ముందుంటారు. ఈలోగా గిట్ అనే, కోడ్‌లో చేసిన మార్పులను గుర్తుపెట్టుకునే సాధనం వాడడం నేర్చుకోండి. ఎవరు ఏ వరుస మార్చారో, చెడితే నిన్నటి రూపానికి ఎలా తిరిగి వెళ్లాలో తెలిసిన మనిషిని అర్ధరాత్రి రెండింటికి జట్టు మొత్తం వెతుక్కుంటుంది. ఇంగ్లీషులో చెప్పవలసిన ఐదు నిమిషాల ప్రసంగం గురించి భయం ఉంటే, దానిని జట్టులో ఇంకొకరికి వదిలేయండి.

*ప్రశ్న: మా విద్యార్థులు కృత్రిమ మేధతో కోడ్ రాయించి పోటీలకు వెళుతున్నారు. దీనిని మోసం అనాలా, నైపుణ్యం అనాలా? – ఒక అధ్యాపకురాలు, ఒంగోలు*

జవాబు: పోటీ నియమాలలో కూడదని ఉంటే మోసమే, అందులో చర్చకు చోటు లేదు. నియమాలు ఒప్పుకున్నచోట మాత్రం నేను దానిని కాలిక్యులేటర్‌లాగే చూస్తాను. అయితే కాలిక్యులేటర్ తప్పు చెప్పదు, ఇది చెబుతుంది, అదీ తడుముకోకుండా చెబుతుంది. లేని కోడ్ లైబ్రరీని ఉన్నట్టు, పాతబడిన పద్ధతిని కొత్తదన్నట్టు రాసి ఇస్తుంది.

నేను న్యాయనిర్ణేతగా కూర్చున్నచోట అడిగేది ఒకటే. కోడ్ తెరవమని, ఏదో ఒక వరుస మీద వేలు పెట్టి, దీనిని తీసేస్తే ఏమవుతుందని అడుగుతాను. సొంతంగా రాసినవారు కొంచెం ఆలోచించి చెబుతారు. రాయించి, చదివి, అర్థం చేసుకున్నవారు కూడా చెబుతారు. అతికించినవారు పక్కవారి మొహం చూస్తారు. మీ తరగతిలో వారానికి ఒక గంట ఇదే పరీక్ష పెట్టండి, ఒకరి కోడ్ గురించి ఇంకొకరిని అడగండి. సమస్యను ఎంచుకోవడం, చెరువు దగ్గర రాత్రి గడపడం వంటివి ఏ యంత్రమూ చేసి పెట్టదు కాబట్టి మార్కులలో వాటికి ఎక్కువ వాటా ఇవ్వండి.

*ప్రశ్న: పోటీలో మేము రాసిన కోడ్ మాదా, నిర్వాహకులదా? పేటెంట్ తీసుకోవచ్చా? – ఒక విద్యార్థిని, సింగరాయకొండ*

జవాబు: 1957 నాటి కాపీరైట్ చట్టం, తరువాతి సవరణలతో, కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చింది. అంటే మీరు రాసిన కోడ్ మీద మొదటి హక్కు సాధారణంగా రాసిన మీదే, మీ ఆరుగురూ రాసి ఉంటే ఆరుగురిదీ. దీనికి ఎక్కడా నమోదు తప్పనిసరి కాదు. అయితే పోటీలో చేరేటప్పుడు చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన పత్రంలో హక్కులను నిర్వాహకులకు బదిలీ చేసే మాట ఉండవచ్చు. కంపెనీలు పెట్టే పోటీలలో అది ముఖ్యంగా చూడవలసినది. ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్‌ను కలుపుకుంటే దాని లైసెన్సు, అంటే వాడుకునే షరతులు కూడా చూడండి. ఎం.ఐ.టి. లైసెన్సు కాపీరైట్ ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని ఉంచమని మాత్రమే అడుగుతుంది, జీ.పీ.ఎల్. అయితే దానితో కలిపి మీరు పంచే ప్రోగ్రామును కూడా అదే షరతుల కింద బయటపెట్టమంటుంది.

పేటెంట్ సంగతి వేరు. 1970 పేటెంట్ల చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంట్ ఇవ్వరు. పరికరంతో ముడిపడిన కొత్త పద్ధతి ఏదైనా మీ దగ్గర ఉంటే, దానిని వేదిక మీద అందరి ముందు వివరించకముందే దరఖాస్తు చేయడం మంచిది; వివరించిన తరువాత అది కొత్తది కాదన్న అభ్యంతరం వస్తుంది. కొన్ని కళాశాలలలో దీనికి ఒక విభాగం ఉంటుంది, మీ దగ్గర ఉన్నదేమో విచారించండి.

*ప్రశ్న: ప్రదర్శన సమయానికి నెట్ పోతే ఏమి చేయాలి? – ఒక విద్యార్థి, కోవూరు*

జవాబు: పోతుందనే అనుకుని వెళ్లండి. ప్రోగ్రాము మొత్తం ల్యాప్‌టాప్‌లోనే నడిచేలా ఒక రూపం సిద్ధంగా ఉంచుకుని, అది నడుస్తుండగా తీసిన మూడు నిమిషాల వీడియోను రెండు పెన్‌డ్రైవ్‌లలో, ఒకరి ఫోన్‌లో పెట్టుకోండి. ఫోన్ హాట్‌స్పాట్‌కు రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచుకోండి. వీటన్నిటికంటే ముందు ఇంటి నుంచి ఒక జంక్షన్ బాక్సు పట్టుకుపోండి, ఆరు ల్యాప్‌టాప్‌లున్న బల్ల దగ్గర గోడకు ఉండేది ఎప్పుడూ ఒక్క ప్లగ్గే.